ఛుట్టీ మీద వచ్చినవాడు

ఆర్మూర్‌లో వీసా అనే మాట తెలియని ఇల్లు లేదు. మార్కెట్‌లో పసుపు ఎంత పలికిందని అడిగినంత మామూలుగా ఇక్కడ ఎవరి అకామా ఎప్పుడు తీరిపోతుందని అడుగుతారు. అకామా అంటే గల్ఫ్‌లో ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే కార్డు. దాని సంగతి కంపెనీయే చూసుకుంటుంది. రెండేళ్లకోసారి ఛుట్టీ ఇస్తుంది, టికెట్ ఇస్తుంది. మనిషి వచ్చి రెండు నెలలు ఇంట్లో ఉండి, ఒక పెళ్లో, ఇంటి మీద స్లాబో, ఒక మొక్కో తీర్చుకుని తిరిగి పోతాడు. పోయినవాడు వస్తాడు, వచ్చినవాడు పోతాడు. ఊరికి తెలిసిన లెక్క ఇంతే.

దేవిదాస్ ఆ లెక్కలోనే పెరిగాడు. తండ్రి భూమన్న సౌదీలో బండి నడిపేవాడు. ఆయన వచ్చిన రోజు ఇల్లంతా అత్తరు వాసన, పోయే రోజు అట్టపెట్టెకు తాడు బిగించే చప్పుడు. మళ్లీ రానిస్తారో లేదో అన్న భయం ఆ ఇంట్లో ఎవరి నోటా ఎన్నడూ వినపడలేదు. చివరికి ఒక ఛుట్టీ మధ్యలో, ఆర్మూర్‌లో తన మంచం మీదే, గుండె ఆగి పోయాడు. ఆయన తిరుగు టికెట్ అప్పటికి ఇంకా చెల్లుతూనే ఉంది.

దేవిదాస్‌ను గల్ఫ్‌కు పంపనని తల్లి గంగమణి అప్పుడే ఒట్టు పెట్టుకుంది. బీడీలు చుట్టి కొడుకును నిజామాబాద్‌లో బీఎస్సీ కెమిస్ట్రీ చదివించింది. చదువయ్యాక పెర్కిట్‌లో ఒక పసుపు గోదాములో సరుకు పరీక్షించే పని దొరికింది. నవీపేట్ నుంచి స్నేహలతను చేసుకున్నాడు. ఆమె నర్సింగ్ చదివింది. మనిషి తొందరపడదు, పట్టుకున్నది వదలదు. పెళ్లయిన రెండో ఏడు ఆమే కెనడా మాట ఎత్తింది. ఆమె చదువుకోవడానికి పోతే భర్త కూడా వెంట పోయి పని చేసుకోవచ్చు. అక్కడ కొన్నేళ్లుంటే పర్మనెంట్ రెసిడెన్సీ, అంటే అక్కడే స్థిరంగా ఉండే హక్కు, వస్తుంది. కంపెనీ దయ మీద బతకాల్సిన పని లేదు. గంగమణికి ఆ ఒక్క మాట నచ్చింది.

విన్నిపెగ్‌లో స్నేహలత రెండేళ్లు చదివి వృద్ధుల ఆశ్రమంలో పనికి చేరింది. దేవిదాస్‌కు గోధుమల నాణ్యత చూసే ల్యాబులో శాంపిళ్లు తూచే పని దొరికింది. ఇక్కడ పసుపు, అక్కడ గోధుమ, అంతే తేడా అని తల్లికి ఫోనులో చెప్పేవాడు. కూతురు లాస్య అక్కడే పుట్టింది. అక్కడ పుట్టింది కాబట్టి పుట్టిన నాడే ఆ దేశపు పౌరురాలైపోయింది. ఇంట్లో ముగ్గురుంటే పర్మనెంట్ అయింది పాలు తాగే పిల్ల ఒక్కతే. మిగతా ఇద్దరూ పొడిగింపుల మీద ఉన్నవాళ్లు.

పొడిగింపు అంటే ఏమిటో దేవిదాస్‌కు అక్కడే తెలిసివచ్చింది. స్నేహలత పని పర్మిట్ తీరిపోవస్తే ఆశ్రమం వాళ్లు సిఫారసు చేసి ఇంకో ఏడాది ఇప్పించారు. ఆ ఏడాదిలోపు పీఆర్, అదే ఆ పర్మనెంట్ రెసిడెన్సీ, రావాలి. పీఆర్‌కు పాయింట్లుంటాయి. చదువుకు కొన్ని, ఇంగ్లిషుకు కొన్ని, వయసుకు కొన్ని. ముప్పై ఏళ్లు దాటాక ప్రతి పుట్టినరోజుకూ కొన్ని పాయింట్లు తగ్గుతాయి. వీళ్లు ఒక మెట్టు ఎక్కేలోపు కటాఫ్ రెండు మెట్లు ఎక్కేది. ఇంగ్లిషు పరీక్ష మళ్లీ రాసి నాలుగు పాయింట్లు పెంచుకున్న నెలలోనే స్నేహలతకు పుట్టినరోజు వచ్చి అయిదు పోయాయి. ఆ రోజు తెచ్చిన కేకును కొవ్వొత్తులు పెట్టకుండానే ఇద్దరూ తిన్నారు.

దేవిదాస్ పర్మిట్ భార్య పర్మిట్‌కు కట్టిన తోక లాంటిది. ఆమెది పొడిగిస్తేనే ఇతనిది. గడువు తీరకముందే తన పొడిగింపుకు దరఖాస్తు పెట్టాడు. జవాబు వచ్చేదాకా అక్కడే ఉండి పని చేసుకోవచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆర్మూర్ నుంచి ఫోను వచ్చింది.

లాస్యకు మూడో ఏడు నడుస్తోంది. పుట్టువెంట్రుకలు తీయలేదు. గంగమణి వేములవాడ రాజన్నకు మొక్కుకుని ఉంది.

"మూడు దాటితే నాలుగు పడ్తది కొడుకా. సరి ఏడుల తీయరు. అయిదు దాక ఆగుదామంటే నేనుంటనో పోతనో" అంది.

పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు పిల్ల మేనమామ ఒడిలో కూర్చోవాలి. స్నేహలతకు ఒక్కడే తమ్ముడు, శివ. ఖతార్‌లో ఏసీ మెకానిక్. అతనికి కంపెనీ ఆ నెలలోనే ఛుట్టీ ఇచ్చింది, మళ్లీ రెండేళ్ల దాకా ఇవ్వదు. శివ ఖతార్ నుంచే బావకు ఫోను చేశాడు. "గీసారి దాటిపోతే మళ్ల నేనచ్చేటాల్లకు నీ బిడ్డ రెండు జడలేస్కొని నాకే జవాబు చెప్తది బావా" అన్నాడు.

స్నేహలత రాలేదు. ఆశ్రమంలో సెలవు అడిగితే వచ్చే పొడిగింపుకు సిఫారసు చేస్తారో లేదో అన్న భయం. పిల్లను తీసుకుని భర్త ఒక్కడే పోవడం కూడా ఆమెకు ఇష్టం లేదు. దరఖాస్తు నడుస్తుండగా దేశం దాటితే ఏమవుతుందో ఆమె ప్రభుత్వం వెబ్‌సైట్‌లో చదివింది. దేవిదాస్ పాస్‌పోర్టులో ఉన్న వీసా కూడా పాత పర్మిట్‌తోపాటే తీరిపోతుంది. దేశంలో ఉన్నంతవరకే ఆ దరఖాస్తు రక్ష. బయటికి పోతే గుమ్మం దగ్గర నిలబడి మళ్లీ అడగాలి.

"పోయినంక రానియ్యకుంటే ఎట్ల?" అంది.

"ఎందుకు రానియ్యరు? కొత్తగ పోతున్ననా? ఉన్నోన్నే గదా. మా నాయిన ఎన్నిసార్లు వచ్చి పోలే?" అన్నాడు దేవిదాస్.

సైన్సు చదివినవాడు. ల్యాబులో ఒక గింజ తేడా వచ్చినా మళ్లీ తూచేవాడు. నిబంధన చదివాడు, అర్థం కూడా అయింది. అయినా లోపల ఎక్కడో ఒక నమ్మకం, ఛుట్టీ మీద ఇంటికి పోయినవాడు తిరిగి వస్తాడు అన్నది, చదువుకున్నది కాదు కాబట్టి చదువుతో పోలేదు. రెండు వారాల్లో జవాబు వచ్చేస్తుంది, ఆర్మూర్‌లో ఉండగానే వీసా ముద్ర వేయించుకుని వస్తానన్నాడు. స్నేహలత పెట్టె దించింది. పిల్ల బట్టలు సర్దుతూ ఉన్ని టోపీ కూడా పెట్టబోయి, ఆర్మూర్‌లో ఎందుకని తీసేసింది.

వేములవాడలో అంతా అనుకున్నట్టే జరిగింది. మొక్కు ప్రకారం గుడిలో కోడెను కట్టారు. కళ్యాణకట్టలో శివ ఒడిలో లాస్యను కూర్చోబెట్టారు. కత్తి తగలగానే పిల్ల మామ చెయ్యి కొరికి, తనకు వచ్చిన నాలుగు ఇంగ్లిషు ముక్కల్లో ఏడుపు అందుకుంది. "మనకు తెలువకుంట తిడ్తున్నట్టుంది బావా" అన్నాడు శివ చెయ్యి దులుపుకుంటూ. ఫోనులో స్నేహలత నవ్వింది. నున్నటి గుండు మీద గంధం పూసి బిడ్డను కెమెరా ముందు పెట్టారు. ఆమె చాలాసేపు చూసి, "మా నాయిన లెక్క ఉంది" అంది.

ఆ తర్వాతి వారం మెయిల్ వచ్చింది. పొడిగింపు ఇవ్వడం లేదని రాశారు. భార్య పర్మిట్‌లో ఏడాదికి పైగా గడువు మిగిలి ఉంటేనే భర్తకు ఇస్తారట, నిబంధన మారింది. స్నేహలతకు మొత్తం ఇచ్చిందే ఏడాది. ఏడాది పొడిగింపులు తెచ్చుకునే మనిషి దగ్గర ఏడాదికి పైగా గడువు ఎప్పటికీ ఉండదు. పీఆర్ వస్తే ఆ గడువు గొడవే లేదు. పీఆర్ రాకపోవడం వల్లనే పొడిగింపులు. దేవిదాస్ దాన్ని నాలుగుసార్లు చదివాడు. తిరిగి తిరిగి మొదటికే వస్తోంది. అక్కడే ఉండి ఉంటే పని పోయినా విజిటర్‌గా ఉండనివ్వమని అడుక్కోవడానికైనా దారి ఉండేది. పిల్లకు అన్నం తినిపిస్తూ ఇంట్లో ఉండేవాడు. ఇప్పుడు అడగడానికి కూడా అక్కడ లేడు.

శివ ఛుట్టీ అయిపోయింది. పోయే రోజు పచ్చడి డబ్బాలు, సకినాలు సర్దుకుంటూ ఆ సంగతే ఎత్తాడు. బావ చదువుకున్నవాడని అతనికి కొంచెం బెరుకు. "ఏమనుకోకు బావా. నాకు పర్మనెంట్ అన్న ముచ్చటే లేదు. ముసలోన్నయితే ఆల్లే ఎల్లగొడ్తరు. కానీ అప్పటిదాక పోతనో పోనో అని ఏ దినం ఫికర్ చెయ్యలే. మీది మస్తు పెద్ద దేశం, గింత పెద్ద దేశంల మనిషిని గిట్లెందుకు నిలబెడ్తరు?" అన్నాడు. దేవిదాస్ పచ్చడి డబ్బాకు ఇంకో కవరు చుట్టాడు. బస్టాండు దాకా పోయి బ్యాగు ఎత్తిపెట్టి వచ్చాడు.

పసుపు సీజను మొదలైంది. పాత గోదాము సేటు రమ్మన్నాడు. కొన్నాళ్లే కదా అని దేవిదాస్ చేరాడు. పసుపు కొమ్మును, అంటే కాడిని, విరిచి లోపలి రంగు చూడటం, మీటర్‌తో తేమ కొలవడం, గుండ్రటి మండ దుంపలు వేరు కాడి వేరు చేయించడం. గోదాములో గాలి కూడా పచ్చగా ఉంటుంది. ఇంటికి వచ్చి ఒంటి మీది దుమ్ము పోయేదాకా రుద్దుకుని కానీ లాస్యను ఎత్తుకోడు. పిల్లకు ఒక దగ్గు వచ్చినా అది పసుపు దుమ్మా, తన తల్లి చుట్టే బీడీల పొగాకు దుమ్మా అని రాత్రంతా ఆలోచిస్తాడు. గంగమణికి విసుగు. "నువ్వు గీ దుమ్ములనే పెరిగినవురా" అంటుంది. అందుకే భయం అని అతను అనడు.

మొదట్లో బజారులో ఎవరు కనపడినా ఛుట్టీ ఎన్ని దినాలని అడిగేవాళ్లు. జర ఉంటా అనేవాడు. కొన్నాళ్లకు, ఇంకా పోలేదా అన్నారు. ఆ తర్వాత ఎవరూ అడగడం మానేశారు. పలకరింపులో పసుపు రేటు, కరెంటు, వానలు వచ్చాయి. ఊరు తనను తిరిగి లెక్కలో వేసుకుందని దేవిదాస్‌కు అప్పుడు తెలిసింది. అడిగిన రోజులే నయమనిపించింది.

ఇంతలో ఇంకో చిక్కు. లాస్యది కెనడా పాస్‌పోర్టు. ఆర్మూర్‌లో ఉండాలంటే ఆమెకూ వీసా కావాలి. తెచ్చుకున్న వీసా మీద ఉండగలిగిన కాలం తీరిపోవస్తోంది. పొడిగించుకోవాలంటే హైదరాబాద్‌లో విదేశీయుల కార్యాలయానికి అర్జీ పెట్టాలి. ఎందుకు ఉంటున్నారు, ఎవరి దగ్గర ఉంటున్నారు, ఎప్పుడు తిరిగి పోతారు, అన్నీ చెప్పాలి. గంగమణికి ఈ సంగతి అర్థం చేయించడానికి ఒక పూట పట్టింది. అప్పటికి లాస్య ఆమె పక్కనే చాటలో తునికాకు ముక్కలు పరుచుకుని వంట చేస్తోంది. క్లిప్పు పెట్టేంత జుట్టు వచ్చింది. ఇంగ్లిషు ముక్కలు ఒక్కొక్కటే రాలిపోయి, "నాయినమ్మా, గిది నాది, గది నీది" అంటోంది.

"నా మన్మరాలు నా ఇంట్ల ఉండనీకి నేను ఎవల్ని అడగాలెరా?" అంది గంగమణి.

"సర్కారును."

"ఏ సర్కారు?"

"మన సర్కారునే."

గంగమణి బీడీ చుట్టడం ఆపి పిల్లను చూసింది. "ఇద్దరికిద్దరు గిదే రోగమా మీకు" అంది. తర్వాత పక్కింటి వాళ్లతో, తన ఇంట్లో ఒక ఫారిన్ దొరసాని దిగిందని, అన్నంలో నెయ్యి లేకపోతే సర్కారుకు రాస్తుందని చెప్పుకుని నవ్వింది. దేవిదాస్ కూడా నవ్వాడు. పిల్లకు పొడిగింపు వచ్చింది. నవ్విన పాపం తగిలిందేమో అన్నట్టు, కొన్నాళ్లయినా భార్య దగ్గరికి పోయి ఉండాలని అతను కెనడాకు పెట్టుకున్న విజిటర్ వీసా దరఖాస్తును ఆ వారమే తిప్పి పంపారు.

ఈసారి కారణం వేరు. భార్య ఇక్కడ పని చేస్తోంది, బిడ్డ ఇక్కడి పౌరురాలు, కాబట్టి వచ్చినవాడివి గడువు తీరాక తిరిగి పోతావన్న నమ్మకం మాకు లేదు అన్నది ఆ ఉత్తరం సారాంశం. నిజానికి అబద్ధం ఏమీ లేదు. పోతే తిరిగి రావాలని అతనికి లేదు. భార్యాబిడ్డలతో ఉండాలనే పోవాలనుకున్నాడు. పోవడానికి ఏది కారణమో, పోనివ్వకపోవడానికీ అదే కారణం.

మరునాడు గోదాముకు అంకాపూర్ నుంచి ఒక రైతు ట్రాక్టరులో పసుపు తెచ్చాడు. చూడటానికి బంగారంలా ఉంది. దేవిదాస్ మూడు సంచుల్లోంచి తీసి కొలిచాడు. తేమ ఎక్కువ. ఈ సరుకు తీసుకోలేమని చెప్పాడు. రైతు గొడవ పడలేదు, ముఖం దించుకున్నాడు. దేవిదాస్ అతన్ని పక్కకు తీసుకుపోయి మీటరు చూపించాడు. ఎంత ఉండాలో, ఎంత ఉందో చెప్పాడు. ఎక్కడ ఆరబోస్తున్నారు, కింద టార్పాలిన్ ఉందా, సాయంత్రం కుప్ప చేస్తున్నారా అని అడిగి, ఇంకో నాలుగు ఎండలు కొట్టించి తెస్తే తానే తూకం వేయిస్తానన్నాడు. సేటు దూరం నుంచి చూసి, ఒక్క ట్రాక్టరుకు ఇంత ఉపన్యాసమా అన్నాడు. రైతు తిరిగి వచ్చాడు కూడా. సరుకు ఆరింది, అమ్ముడుపోయింది. ఆ రోజు దేవిదాస్ మధ్యాహ్నం అన్నం తినలేకపోయాడు. ఎందుకో తనకే తెలియలేదు.

అక్కడ స్నేహలత గడువు తరుగుతోంది. ఆశ్రమం వాళ్లు ఇంకోసారి సిఫారసు చేస్తామన్నారు, చేస్తారో లేదో. ఇంటి అద్దె మోయలేక ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఒక బేస్‌మెంట్‌లోకి మారింది. లాస్య మంచం ఎవరికో ఇచ్చేసింది. ఆ సంగతి మాట మధ్యలో చెప్పి వెంటనే వేరే మాట ఎత్తింది. బిడ్డను అటు పోయేవాళ్లెవరితోనైనా పంపమందామంటే, ఆమె డ్యూటీ రాత్రిళ్లు. చూసుకునేవాళ్లు లేరు. ఆమే వచ్చేద్దామంటే, వచ్చిన రోజుతో పీఆర్ ఆశ చెల్లు. ఇన్నేళ్లు మోసిందంతా గుమ్మంలో దించేసినట్టు. ఈ మాటలు వాళ్లు ఎన్నోసార్లు మాట్లాడుకున్నారు. ఎప్పుడూ ఏదో ఒక మూల దగ్గర ఆగిపోయేవాళ్లు.

ఒక ఆదివారం ఉదయం ఆమె ఫోను చేసింది. ఇక్కడ ఎండ గుమ్మం దాకా వచ్చింది, అక్కడ రాత్రి డ్యూటీకి బయలుదేరే వేళ. గంగమణి వాకిట్లో చాట ముందు కూర్చుని ఉంది. లాస్య ఆమె చుట్టూ తిరుగుతోంది.

"ఒకటి అడుగుత. కోపానికి రావద్దు" అంది స్నేహలత.

"అడుగు."

"పీఆర్ ఫైల్ల భర్త వెంట వస్తడని పెట్టినం గదా. రాడని మారిస్తే పాయింట్లు పెరుగుతయట. నన్నొక్కదాన్నే లెక్క జూస్తరట. నాతోని పనిజేసే ఆమె గట్లనే చేసింది."

దేవిదాస్‌కు ఆ సంగతి తెలుసు. నెల కిందటే తనే కూర్చుని లెక్క వేసి చూశాడు. ఆమె నోటి నుంచి రాకపోతే బాగుండుననుకున్నాడు. తను ముందు చెప్పి ఉంటే బాగుండుననీ ఇప్పుడు అనిపించింది.

"పెరిగితే వస్తదా?" అన్నాడు, వినాలని కాదు.

"ఇప్పటి కటాఫ్‌కు ఇంకా తక్కువనే. జర దగ్గరికయితే వస్త. వచ్చినంక నిన్ను నేనే పిలిపించుకుంట. దానికి మళ్ల వేరే ఫైలు పెట్టాలె. ఏండ్లు పట్టచ్చు."

"అప్పటిదాక?"

ఆమె డ్యూటీ బ్యాగు జిప్పు లాగింది. వెనక ఎవరో తలుపు వేసిన చప్పుడైంది.

"స్నేహా, వచ్చెయ్యరాదు. గీడ దవాఖానల నర్సు నౌకరి దొరకదా" అన్నాడు. ఈ మాట ఇంతవరకు ఇంత సూటిగా అనలేదు.

"దొరుకుతది. నాకు తెల్వదా?" అంది. "ఇప్పుడొస్తే, బిడ్డను ఇన్ని నెలలు ఇడిచిపెట్టి నేనెందుకున్నట్టు?"

ఆ ప్రశ్నకు ఎటు నుంచి జవాబు చెప్పినా ఆమెకు దెబ్బే. వచ్చెయ్యి అంటే ఆ నెలలన్నీ వృథా. ఉండు అంటే అట్లాంటి నెలలు ఇంకెన్నో. దేవిదాస్ గుమ్మం మీద కూర్చున్నాడు. ఏ లెక్కయినా ఏదో ఒక విలువ దగ్గర నిలబడుతుందని చదువుకున్నవాడు. ఇది ఎక్కడా నిలబడటం లేదు.

"రాయి" అన్నాడు.

"ఏమని?"

"రాడని రాయి."

"నిజంగనే అంటున్నవా?"

"నిజమే గదా అది" అన్నాడు.

ఆమె ఫోను ఒక చేత్తో పట్టుకునే ల్యాప్‌టాప్ తెరిచింది. కీబోర్డు టిక్కుమంటున్నది వినపడింది. మధ్యలో ఒకసారి ఆగి, నీ పేరు తీసేయడం లేదు, పేరు ఉంటుంది, వెంట రావడం లేదని మాత్రమే అని చెప్పింది. సరే అన్నాడు. ఇంకోసారి ఆగింది. తర్వాత, అయింది అంది. కొత్త పాయింట్లు ఎన్నో చెప్పింది. నిజంగానే పెరిగాయి. కటాఫ్ ఇంకా పైన ఉంది. వానాకాలంలో ఆమెకు మళ్లీ పుట్టినరోజు వస్తుంది.

"బిడ్డ ఏం జేస్తుంది?" అని అడిగింది.

దేవిదాస్ ఫోను తిప్పి వాకిలి వైపు పట్టాడు. లాస్య తల మీద తునికాకు ఒకటి బోర్లించుకుని కిందపడకుండా నాయినమ్మ చుట్టూ నడుస్తోంది. అమ్మ అని పిలవమంటావా అని అడిగాడు. వద్దు, ఆడుకోనియ్యి అంది స్నేహలత. ఆకు కింద పడింది. పిల్ల తీసి మళ్లీ పెట్టుకుంది. బస్సుకు టైమయిందని చెప్పి కూడా ఆమె ఫోను పెట్టలేదు. చెయ్యి నొప్పి పుట్టినా దేవిదాస్ ఫోను దించలేదు.